ఎన్ని రాత్రులుంటే ఇల్లు లాడ్జి అవుతుంది?

రామగుండం ఎన్టీపీసీ విద్యుత్ కేంద్రంలో ఒక యూనిట్ ఓవరాలింగ్‌కు ఆగిందంటే గోదావరిఖని చుట్టుపక్కల ఖాళీ పోర్షన్లకు గిరాకీ వస్తుంది. బీహార్ నుంచి, జార్ఖండ్ నుంచి వెల్డర్లు, ఫిట్టర్లు దిగుతారు. గోడ మేకులకు హెల్మెట్లు, మెట్ల మీద సేఫ్టీ బూట్లు, గదినిండా చాపలు. పని అయిపోగానే ఖాళీ చేసి వెళ్ళిపోతారు. మున్సిపల్ కాగితాల్లో మాత్రం అది మామూలు నివాస గృహమే.

ఇంటిని కొద్దిరోజులకే కిరాయికి ఇవ్వడంపై నిబంధనలు చాలావరకు ఇళ్ల కరువులోంచి పుట్టినవే. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, ఫసలీ 1353లో, అంటే 1943-44లో, నిజాం ప్రభుత్వం ఇళ్ల కిరాయి నియంత్రణ ఉత్తర్వు తెచ్చింది. 1954లో హైదరాబాద్ రాష్ట్రం చట్టం చేసింది. రాష్ట్రాలు కలిశాక 1960లో వచ్చిన భవనాల నియంత్రణ చట్టాన్నే తర్వాత తెలంగాణ కూడా తనదిగా చేసుకుంది. ఆ చట్టంలోని పదో సెక్షన్ చూడండి: యజమాని రాతపూర్వక అనుమతి లేకుండా కిరాయిదారు ఇంకొకరికి కిరాయికిచ్చినా, తీసుకున్న పనికి కాక వేరే పనికి ఇంటిని వాడినా ఖాళీ చేయించవచ్చు. ఇంటి వాడకాన్ని మార్చకూడదన్న ఆంక్ష మనకు అప్పటినుంచే ఉందన్నమాట. మనందరికీ అలవాటైన పదకొండు నెలల అగ్రిమెంటు మాత్రం ఇంకా పాతది. ఏడాది దాటిన లీజును రిజిస్టర్ చేయించాలన్న 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం నుంచి తప్పించుకోవడానికి జనం కనిపెట్టిన దారి అది.

గోదావరిఖనికి ఇంకో చరిత్ర కూడా ఉంది. 1889లో ఇల్లెందులో బొగ్గు తవ్వకం మొదలుపెట్టిన సంస్థే 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ అయింది. 1960ల తొలినాళ్లలో అది రామగుండం క్షేత్రంలో గనులు తెరిచింది. గనుల వెంట కాలనీలు లేచాయి, కానీ క్వార్టర్లు అందరికీ సరిపోలేదు. క్వార్టర్ దొరికిన కార్మికుడికి అది కొలువున్నంత కాలమే, రిటైరయ్యాక అప్పగించాలి. దాన్ని బయటివాళ్లకు కిరాయికివ్వడం సొంతింటిని ఇవ్వడంలాంటిది కాదు. కంపెనీ ఆస్తిని అక్రమంగా అట్టిపెట్టుకుంటే అప్పట్లో 1956 కంపెనీల చట్టంలో 630వ సెక్షన్ వర్తించేది, ఇప్పుడు 2013 చట్టంలో 452వ సెక్షన్ వర్తిస్తుంది. కొత్త చట్టం ప్రకారం జరిమానా లక్ష నుంచి ఐదు లక్షల దాకా. క్వార్టర్లు అందనివాళ్లు పడ్డ ఇబ్బందిలోంచే ఖనిలో ప్రైవేటు కిరాయి ఇళ్లు పెరిగాయి. 1978లో ఎన్టీపీసీకి శంకుస్థాపన, 1983లో తొలి యూనిట్, 2021లో మళ్లీ మొదలైన ఎరువుల ఉత్పత్తి... ప్రతిసారీ తాత్కాలిక కార్మికులొచ్చారు, పైన ఇంకో అంతస్తు లేచింది.

రాత్రులు లెక్కపెట్టే పద్ధతి లండన్‌లో వచ్చింది. అక్కడ 1973 చట్టం ప్రకారం వరుసగా 90 రాత్రుల కంటే తక్కువ కాలానికి ఇల్లిస్తే దాని వాడకం మార్చినట్టే, ప్లానింగ్ అనుమతి కావాల్సిందే. 2008లో ఇళ్లను రోజుల లెక్కన కిరాయికిప్పించే ఎయిర్‌బీఎన్‌బీ పుట్టి ఈ వ్యాపారం ఇంటింటికీ చేరాక, 2015లో కొంత సడలించారు: ఏడాదిలో మొత్తం 90 రాత్రుల వరకు అనుమతి అక్కర్లేదు. బార్సిలోనా నగరం 2028 నాటికి టూరిస్టు ఫ్లాట్ల లైసెన్సులన్నీ ఎత్తేస్తామని 2024లో ప్రకటించింది. ఆ నగరాల భయం అర్థమవుతుంది: టూరిస్టు ఇచ్చే కిరాయితో ఊరివాడు పోటీ పడలేడు.

మన దగ్గర ఆ తొంభై వేరే దారిన వచ్చింది. కిరాయి నెలకు మనిషికి 20,000 రూపాయలు మించకుండా, కనీసం 90 రోజులు వరుసగా ఉంటే ఆ వసతికి జీఎస్టీ మినహాయింపు అని 2024 జూన్‌లో జీఎస్టీ కౌన్సిల్ నిర్ణయించింది. హాస్టల్ విద్యార్థులకు, ఉద్యోగులకు ఇది మేలు. ఓవరాలింగ్‌కొచ్చిన వెల్డరు మాత్రం తొంభై రోజులుండడు. టర్నోవర్ 20 లక్షలు దాటని చిన్న యజమానికి ఈ బెడద లేదు గానీ, పెద్ద హాస్టల్లో దిగితే ఆ కార్మికుడు టూరిస్టు లెక్కలోకే వస్తాడు. నాకు ఇది అన్యాయంగా తోస్తుంది. అతను సరదాకు వచ్చినవాడు కాదు, మన ఇళ్లలో బల్బులు వెలిగేందుకు పనిచేసేవాడు.

టూరిస్టు కోసం కేంద్ర పర్యాటక శాఖ బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్ పథకంలో చక్కని షరతులు రాసింది: యజమాని ఆ ఇంట్లోనే ఉండాలి, ఒకటి నుంచి ఆరు గదులే ఇవ్వాలి, సౌకర్యాలు చూసి గోల్డ్, సిల్వర్ గ్రేడ్లివ్వాలి. కార్మికుడి గదికీ అలాంటి షరతులే కావాలి: గదికి ఎందరు, ఎందరికి ఒక మరుగుదొడ్డి, మంటలొస్తే బయటపడే దారి ఏది. రామగుండం నగరపాలక సంస్థ ఇంటి అనుమతిలోనే ఈ మూడూ అడగాలి, రాత్రుల సంఖ్యతో పని లేకుండా.