నర్సరీ విద్య: ఇంగ్లండు దేశమున ప్రభుత్వ సాహాయ్యము

బడియీడు రాని పసిపిల్లలకు ప్రభుత్వము తన ధనమును వెచ్చించి, వారమునకు కొన్ని గంటలపాటు విద్యయు సంరక్షణయు సమకూర్చు పద్ధతి ఇంగ్లండులో నేడు తొమ్మిది నెలల శిశువు మొదలుకొని బడిలో చేరబోవు నాలుగేండ్ల బాలుని వఱకు వ్యాపించియున్నది. ఈ పద్ధతిలో ప్రభుత్వము నర్సరీలను చాలవఱకు తాను నడపదు. గంటకింత యని లెక్కగట్టి స్థానిక సంస్థల ద్వారా పైకము చెల్లించును. పాఠశాలలు, ప్రైవేటు నర్సరీలు, స్వచ్ఛంద సంఘముల ప్లేగ్రూపులు, తమ యింటనే పరుల పిల్లలను చూచుకొను చైల్డ్‌మైండర్లు ఆ పైకమును గైకొని బిడ్డలను చేర్చుకొందురు. ప్రభుత్వమే కేంద్రమును తెరచి, కార్యకర్తను నియమించి నడపు మన అంగన్‌వాడీలకును దీనికిని గల ప్రధాన భేద మిదియే. ఇది బిడ్డ కొఱకు ఏర్పడినదా, పనికి పోవలసిన తల్లి కొఱకు ఏర్పడినదా యను ప్రశ్నకు ఆ దేశపు శాసనములు ఏనాడును నిలుకడయైన సమాధానము చెప్పలేదు. ఈ పద్ధతి నడచివచ్చిన దారిలోని వంకరలకును, నేటి నిబంధనలలోని చిక్కులకును మూల మచ్చటనే యున్నది.

స్కాట్లండులోని న్యూ లానార్కున నూలుమిల్లుల యజమానియైన రాబర్ట్ ఓవెన్ 1816లో కార్మికుల బిడ్డల కొఱకు శిశుపాఠశాలను నెలకొల్పెను. పసివారిని పుస్తకములతో వేధింపరాదనియు, ఆటపాటలతోను వస్తుదర్శనముతోను పెంచవలెననియు అతని పట్టుదల. ఆ మాదిరి పాఠశాలలు లండనుకును తక్కిన పట్టణములకును ప్రాకినవి గాని, ప్రాకినకొలది ఆటపాటలు జారిపోయి వల్లెవేయించుట మిగిలినది. 1870 నాటి ప్రాథమిక విద్యా శాసనముతో బడులు విస్తరించినవి. 1880 నుండి ఐదేండ్లు నిండినవారిని బడికి పంపుట నిర్బంధమైనది. కర్మాగారములకు పోవు తల్లులు పెద్దబిడ్డ చేతికి చిన్నబిడ్డను గూడ అప్పగించి బడికే పంపసాగిరి. 1900 నాటికి ఇంగ్లండు, వేల్సు ప్రాంతములలో మూడు మొదలు ఐదేండ్ల లోపు పిల్లలలో నూటికి 43 మంది ప్రాథమిక పాఠశాలలలో నుండిరి. మెట్లుమెట్లుగా కట్టిన గ్యాలరీలపై, చేతులు కట్టుకొని, కదలక మెదలక, ఒక్క ఉపాధ్యాయిని ముఖము చూచుచు గంటల తరబడి కూర్చుండుటయే వారి విద్యాభ్యాసము. 1905లో విద్యామండలికి చెందిన మహిళా పరీక్షాధికారిణులు, అందును ముఖ్యముగా కాథరిన్ బాథర్స్ట్, ఈ దుస్థితిని తమ నివేదికలలో బయటపెట్టిరి. పసివారికి ఇట్టి బడి తగదు, వేరొక తీరు నర్సరీ కావలెనని ఆమె వాదము. ప్రభుత్వము చేసినది ఐదేండ్ల లోపువారిని బడిలో చేర్చుకొన నిరాకరించుటకు స్థానిక సంస్థల కధికార మిచ్చుట. రోగము కుదుర్చుమనగా రోగిని వెడలగొట్టినట్లైనది. పదియేండ్లలో బడినున్న పసివారి సంఖ్య ఇంచుమించు సగమునకు పడిపోయెను. ఆ పిల్లలు ఏ వీధిలో, ఎవరి చూపున పెరిగిరో లెక్క వ్రాసినవారు లేరు.

ఈ లోటును పూరింప బూనినవారు రేచెల్, మార్గరెట్ మెక్‌మిలన్ సోదరీమణులు. లండను నగరమున థేమ్సు నది యొడ్డున నున్న డెట్‌ఫర్డు పేటలో వారు మొదట పాఠశాల పిల్లలకు వైద్యశాలను నడపిరి. గజ్జి, కండ్లకలక, చెవిపోటు, పుచ్చుపండ్లతో వచ్చిన పిల్లలకు చికిత్స చేసి పంపగా, కొన్ని వారములకు ఆ బిడ్డలే ఆ రోగముతోనే మరల వచ్చుట చూచి, రోగము పుట్టకముందే బిడ్డను చేరదీయవలెనను నిశ్చయమునకు వచ్చిరి. 1914లో నెలకొన్న వారి నర్సరీలో నాలుగు గోడల తరగతిగదులు లేవు. తోటవైపు తెరపియైన షెడ్లు, పూలమడులు, కూరగాయల పాదులు, స్నానపుతొట్లు, వేళకు భోజనము, మధ్యాహ్నమున నిద్ర: ఇవియే పాఠ్యక్రమము. మొదటి ప్రపంచయుద్ధకాలమున తల్లులు ఆయుధ కర్మాగారములకు పోవలసివచ్చుటచే ఇట్టి సంస్థలకు ప్రభుత్వ ద్రవ్యము కొంత లభించినది. రేచెల్ 1917లో మరణించెను. మరుసటి యేటి విద్యాశాసనము, ఫిషర్ శాసనమని ప్రసిద్ధమైనది, నర్సరీ పాఠశాలలను పెట్టుటకును వానికి సాయపడుటకును స్థానిక సంస్థలకు మొదటిసారిగా అధికార మొసగెను. అధికారమే గాని విధి కాదు. పెట్టినను పెట్టవచ్చును, మానినను మానవచ్చును. 1922లో ప్రభుత్వ వ్యయమును తగ్గించుటకై ఏర్పడిన గెడ్డిస్ సంఘము సూచించిన పొదుపు గొడ్డలి మొదట పడిన చోట్లలో విద్యాశాఖ యొకటి. మార్గరెట్ 1923లో ఏర్పడిన నర్సరీ పాఠశాలల సంఘమునకు తొలి అధ్యక్షురాలై, 1931లో మరణించువఱకు ఈ పోరు సాగించెను.

శాంతికాలమున ఇరువది యేండ్లలో కానిది రెండవ ప్రపంచయుద్ధమున రెండు మూడేండ్లలో జరిగినది. కర్మాగారములకు స్త్రీల శ్రమ యవసరము కాగా, 1944 నాటికి సుమారు 1,500 యుద్ధకాల నర్సరీలు తెరువబడినవి; వేకువ నుండి చీకటిపడు వఱకు తెరచియుండు వీనికి తల్లులు చెల్లించునది దినమునకొక షిల్లింగు, తక్కినది ప్రభుత్వ ఖజానాది. యుద్ధము ముగిసినంతనే కేంద్ర ధనసాహాయ్యము కుదింపబడి పెక్కు నర్సరీలు మూతపడినవి. 1944 నాటి విద్యాశాసనము నర్సరీల యావశ్యకతను స్థానిక సంస్థలు గమనింపవలెనని చెప్పినది గాని, 1960లో వెలువడిన 8/60 అను సర్క్యులరు ఇక విస్తరణ వలదని తలుపు మూసెను. కొలది యేండ్లకు ఆ తలుపు కొంచెము తెరచిరి: నర్సరీ తరగతి పెట్టినచో వివాహితలైన ఉపాధ్యాయినులు తిరిగి పనికి రాగలరని తేలిన చోట అనుమతింపవచ్చునట! బిడ్డ యవసరము కంటె టీచరు కొఱత బలవత్తరమైన హేతువుగా ప్రభుత్వమునకు తోచినదన్నమాట.

తలుపు మూసిన మరుసటి యేడే, 1961లో, బెల్ టుటేవ్ అను లండను తల్లి గార్డియన్ పత్రికకు లేఖ వ్రాసి, ప్రభుత్వము చేయని పనిని తల్లులే చేసికొందమని పిలిచెను. చర్చి హాళ్లలోను సామాజిక భవనములలోను తల్లులు వంతులవారీగా నడపు ప్లేగ్రూపులు దేశమంతట పుట్టినవి; 1962లో వాని సంఘము నెలకొన్నది. ప్రాథమిక విద్యపై 1967లో వెలువడిన ప్లౌడెన్ నివేదిక మూడు నుండి ఐదేండ్ల పిల్లలకు నర్సరీ విద్య కావలెనని గట్టిగా వాదించినది. ఐనను పసివారు దినమంతయు తల్లికి దూరము కారాదను తలంపుతో చాలమందికి పూటబడియే చాలునన్నది. నాటి విద్యామంత్రిణియైన మార్గరెట్ థాచర్ 1972 శ్వేతపత్రమున, పదియేండ్లలో నాలుగేండ్ల వారిలో నూటికి 90 మందికిని, మూడేండ్ల వారిలో నూటికి 50 మందికిని స్థానము కల్పింతునని వాగ్దానము చేసెను. చమురు సంక్షోభము, ఆర్థికమాంద్యము ఆ వాగ్దానమును మ్రింగివేసినవి. ఆమెయే ప్రధానిగా నున్న 1980లో వచ్చిన శాసనము నర్సరీ విద్య స్థానిక సంస్థల ఇచ్ఛాధీనమని తేల్చిచెప్పెను.

నేటి పద్ధతికి బీజము వోచరు పథకమున గలదు. జాన్ మేజర్ ప్రభుత్వము 1996లో నాల్గు ప్రాంతములలో ప్రయోగించి, 1997 ఏప్రిలులో దేశమంతట ప్రవేశపెట్టిన ఈ పథకము ప్రకారము నాలుగేండ్ల బిడ్డ తల్లిదండ్రుల చేతికి 1,100 పౌండ్ల విలువగల చీటి వచ్చును. దానిని వారు కోరిన నర్సరీకి ఇయ్యవచ్చును. పాఠశాలలు ఆ చీట్ల కొఱకు నాలుగేండ్ల వారిని తమ తరగతులలోనికి లాగికొనగా ప్లేగ్రూపులు వెలవెలబోయినవి. నెలకే అధికారమునకు వచ్చిన లేబర్ ప్రభుత్వము చీటిని రద్దుచేసెను గాని, డబ్బు బిడ్డవెంట నడువవలెనను సూత్రమును మాత్రము నిలుపుకొన్నది. 1998 సెప్టెంబరు నుండి నాలుగేండ్ల వారి కెల్లరకు, 2004 నుండి మూడేండ్ల వారి కెల్లరకు, వారమునకు పండ్రెండున్నర గంటల ఉచితవిద్య లభించినది. 2010లో అది 15 గంటలైనది. తల్లి పనిచేయునా, తండ్రి సంపాదన యెంత యను ప్రశ్న లేకుండ బిడ్డకు బిడ్డగా దక్కిన హక్కు ఇది. ఈ చరిత్రలో బిడ్డ పక్షము నెగ్గిన ఘట్ట మిదియే యనవచ్చును. 2013, 2014లలో పేదకుటుంబముల రెండేండ్ల పిల్లలకును ఈ హక్కు సంక్రమించెను.

తరువాతి దశ మరల తల్లి శ్రమవైపు మొగ్గినది. 2017 సెప్టెంబరు నుండి, తల్లిదండ్రు లిరువురును పనిచేయుచుండిన మూడు నాలుగేండ్ల పిల్లలకు 30 గంటలు లభించుచున్నవి. ఒక్కొక్కరును కనీసవేతనము చొప్పున వారమునకు 16 గంటల సంపాదనకు తక్కువ కాకుండ ఆర్జింపవలెను. ఏ యొక్కరి వార్షికాదాయమును లక్ష పౌండ్లు దాటరాదు. నాటి ఆర్థికమంత్రి జెరెమీ హంట్ 2023 మార్చి బడ్జెటులో ప్రకటించిన విస్తరణము మెట్లుమెట్లుగా అమలై, 2025 సెప్టెంబరు నాటికి తొమ్మిది నెలల శిశువు మొదలు ఇట్టివారి పిల్లల కెల్లరకు 30 గంటలు వర్తించినవి. ఫలితమేమన, మూడు నాలుగేండ్ల వయసున కూలి దొరకని తల్లి బిడ్డకు 15 గంటలు, ఇద్దరు ఉద్యోగుల బిడ్డకు 30 గంటలు. స్కాట్లండు ఈ దారి త్రొక్కలేదు. అచ్చట 2021 ఆగస్టు నుండి మూడు నాలుగేండ్ల పిల్లలందరకు ఏటా 1,140 గంటలు, తల్లిదండ్రుల ఉద్యోగముతో పనిలేకుండ, లభించుచున్నవి.

ఇంగ్లండు నిబంధనలలో తెలియనివారు తొట్రుపడు తావులు కొన్ని గలవు. 30 గంటలనునవి ఏడాదికి 38 వారములకే. ఏడాది పొడుగున సర్దుకొన్నచో వారమునకు 22 గంటలు మాత్రమే. హక్కు పుట్టినరోజున కాక తరువాతి టర్ము మొదట ప్రారంభమగును: మార్చి 31న మూడేండ్లు నిండిన బిడ్డకు ఏప్రిలు టర్మునుండియే 15 గంటలు మొదలగును, ఒక్క దినము తరువాత, ఏప్రిలు 1న నిండిన బిడ్డ సెప్టెంబరు వఱకు కాచుకొనవలెను. 30 గంటల కైనచో తల్లిదండ్రులు టర్మునకు ముందుగానే దరఖాస్తు పెట్టి కోడు సంపాదించి నర్సరీకి ఇయ్యవలెను. ప్రతి మూడు నెలలకు తమ పరిస్థితి మారలేదని మరల ధ్రువపరుపవలెను. భోజనము, డైపర్లు, విహారయాత్రల ఖర్చు ప్రభుత్వ సొమ్ములో చేరదు. ఆ సొమ్ము గంటకయ్యెడి నిజమైన ఖర్చునకు చాలదని నర్సరీలవారి ఫిర్యాదు. అందుచేత వారు ఉచితము కాని గంటలపై రుసుము పెంచి లోటు పూడ్చుకొనుచుందురు. రెండేండ్ల లోపు ముగ్గురు శిశువుల కొక పరిచారిక చొప్పున ఉండి తీరవలెనని నిబంధన గలదు గనుక, జీతముల భారమును తగ్గించుకొను దారియు వారికి లేదు.

ఇంగ్లండున ఉద్యోగవీసాలపై నివసించు తెలుగు కుటుంబములకు 15 గంటలకును 30 గంటలకును గల ఈ భేదము ప్రత్యేకముగా తగులును. వీసాపై ప్రభుత్వ నిధుల సాయము పొందరాదను షరతు దంపతు లిరువురకును ఉన్నచో, ఇద్దరును సంపాదించుచు పన్నులు కట్టుచున్నను 30 గంటల పథకము వర్తింపదు. ఇరువురిలో ఒకరికైన పౌరసత్వమో, స్థిరనివాసానుమతియో, ప్రభుత్వ నిధులు పొందు అనుమతియో ఉండవలెను. మూడు నాలుగేండ్ల పిల్లల కందరకు గల 15 గంటలకు మాత్రము తల్లిదండ్రుల వీసాతో నిమిత్తము లేదు. హైదరాబాదు నుండి నిన్న దిగిన బిడ్డయైనను, వయస్సు నిండి టర్ము మొదలైనచో, సీటున్న నర్సరీలో చేరవచ్చును.