తెల్లపలక బండి

మా రామన్నపేట వారికి బేగంపేట విమానాశ్రయం దూరమనిపించేది కాదు. నడికుడి మార్గంలో రైలెక్కి సికింద్రాబాదులో దిగితే, అక్కడి నుండి ఆటోలో కాసేపటి ప్రయాణం. ఒక్కరు విమానమెక్కితే సాగనంపడానికి పదిమంది వెళ్ళిన రోజులవి. తిరిగి వచ్చినవాడిని మాత్రం బంధువుల కంటె ముందే ఒక గొంతు పలకరించేది: "టాక్సీ కావాలా సార్?"

ఆ గొంతుకు వెనుక కొంత చరిత్ర ఉన్నది. 1932 జూన్ 15న నిజాం రాష్ట్ర రైల్వేలో రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో మొదలైంది. నేటి ఆర్టీసీకి అదే మూలం. అలా బస్సు సర్కారుదైంది గాని, స్టేషను ముందర నిలిచే జట్కాలు, రిక్షాలు, ఆ తరువాతి టాక్సీలు బేరం మీదనే బ్రతికాయి. 1939 నాటి మోటారు వాహనాల చట్టమూ, దాని స్థానంలో వచ్చిన 1988 చట్టమూ పర్మిటు లేనిదే కిరాయికి మనిషిని ఎక్కించుకోరాదన్నాయి. పసుపు పలక మీద నల్లని అంకెలుంటే కిరాయి బండి. తెల్లపలక అయితే సొంత బండి.

ఇదంతా పన్నుల గొడవేనని చాలాకాలం అనుకున్నాను. కాదు. సొంత వాడకానికి బీమా చేయించిన బండిని కిరాయికి తిప్పుతూ ప్రమాదం జరిగితే, లోపల కూర్చున్నవాడి పరిహారం కోర్టుల పాలు కావచ్చు. ఆ సంగతి బేరమాడే వేళ ఎవరికి గుర్తుంటుంది?

2008 మార్చి 23న విమానాలు శంషాబాదుకు మారాయి. బేగంపేటలో బేరం కుదరకపోతే పెట్టె మోసుకొని రోడ్డు దాకా నడిచి సిటీ బస్సెక్కవచ్చు. దాదాపు 5,500 ఎకరాలు సేకరించి ఊరి వెలుపల కట్టిన చోట, అర్ధరాత్రి, ఆ వీలేదీ? 2009 అక్టోబరులో మెహిదీపట్నం వైపు నుండి 11.6 కిలోమీటర్ల పి.వి. నరసింహారావు వంతెన దారి తెరిచాక ప్రయాణపు సమయం తగ్గింది. బేరం మాత్రం తగ్గలేదు. ఫోనులో పిలిస్తే వచ్చే క్యాబులు తరువాతి మాట.

ఆ మరుసటి ఏడే కాబోలు, చిన్నాన్నను తీసుకురావడానికి వెళ్ళి నేనూ అటువంటి బండే ఎక్కాను. "ఏడికి వోవాలె అన్నా?" అన్న యాసకే లొంగిపోయాను. ఒక ధరకు ఒప్పుకున్నవాడు చిట్యాల చేరేసరికి మనిషికింత అన్నాడు. కోపం వచ్చింది. దబాయించాను.

"మాది మునుగోడు దిక్కు. మూడు బోర్లేస్తే మూడూ ఎండినయ్. అప్పు చేసి కొన్న, కిస్తీ కట్టకుంటె బండి గుంజుకపోతరు" అన్నాడు. చిన్నాన్న మారుమాట లేకుండా డబ్బు లెక్కపెట్టాడు. గల్ఫుకు పోకముందు ఆయన పొలంలో వేసిన బోర్లు రెండు.

దిగి వెనక్కి చూశాను. తెల్లపలకే. ఏపీ 24, మా నల్లగొండ అంకె.