బంతిలో చోటు

తెల్లవారుజాము నాలుగున్నర. అమలాపురం దగ్గర మా పుట్టింటి పెరట్లో ఉన్నాం. కొబ్బరిచెట్ల మధ్య టార్పాలిన్ కట్టి, కింద గాడిపొయ్యి తవ్వారు. ఎండు మట్టలు అంటుకుని పొగ మీ కళ్లలోకే వస్తోంది, కాస్త ఇటు జరగండి. ఈ గుండిగలో ఇడ్లీ పిండి పొంగి మూత ఎత్తేస్తోంది. అటుపక్క ఇద్దరు కుర్రాళ్లు గారెల పిండిని చేత్తో గిలక్కొడుతున్నారు. ఇవాళ మా అన్నయ్య కూతురి పెళ్లి. ముహూర్తం పదకొండింటికి, టిఫిన్లు ఆరున్నరకే మొదలు.

నా పక్కన నిద్రకళ్లతో నిలబడింది మా అమ్మాయి. పదమూడేళ్లు. దానికి సీలియాక్ జబ్బు. గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లో ఉండే గ్లూటెన్ అనే మాంసకృత్తు దాని ఒంటికి పడదు. అందుకే ఊరంతా లేవకముందే మేం వంటవాళ్ల దగ్గరికి వచ్చాం. పొయ్యి మీదకి ఏదీ ఎక్కకముందే మాట్లాడుకోవాలి. ఎక్కాక మాట్లాడి లాభం లేదు.

"బాబాయ్ గారూ, ఇంగువ డబ్బా ఓసారి ఇస్తారా?"

"ఆయ్, ఇదిగోనండి." వంట మేస్త్రి గారు భుజం మీది తువ్వాలుతో చెయ్యి తుడుచుకుని డబ్బా అందించారు.

అమ్మాయి ఫోన్ లైటు వేసి వెనకాల చిన్నక్షరాలు చదువుతోంది. మీరూ వంగి చూడండి. గోధుమపిండి, జిగురు, ఇంగువ. అసలు ఇంగువ ఓ మొక్క వేరునుంచి కారే పాలు. ఘాటు ఎక్కువ కాబట్టి పిండీ జిగురూ కలిపి అమ్ముతారు. మన దగ్గర దొరికే చాలా బ్రాండ్లలో ఆ పిండి మైదానో గోధుమో. పొడి మానేసి ముద్ద కొన్నా చాలావాటిలో అదే సంగతి. బియ్యప్పిండితో చేసేవీ ఉన్నాయి, డబ్బా తిప్పి చదివితే కనబడతాయి. అలాంటి డబ్బా ఒకటి మా సంచిలోనే ఉంది.

మేస్త్రి గారు నమ్మలేనట్టు చూశారు. ఎన్ని పెళ్లిళ్లకి వండారో, ఎన్ని గుండిగల సాంబారు దింపారో. "ఇంగువలో గోధుమా?" అని డబ్బాని మళ్లీ మళ్లీ తిప్పుతున్నారు. పులిహోర, సాంబారు, చారు, పెరుగు పచ్చడి... ఇంగువ పడేవన్నీ ఆయన మనసులో లెక్కపెట్టుకోవడం మీకు మొహంలోనే తెలుస్తోంది. "మీ డబ్బా ఇలా ఇచ్చెయ్యండమ్మా. తాలింపులన్నీ దాంతోనే పెడతాను. పిల్లకి వేరే, ఊరికి వేరే ఎందుకూ?"

ఈ మాట కోసం ఎంతదూరమైనా రావచ్చు. వేరే గిన్నె, వేరే మూల, వేరే కేరియర్ అని మొదలుపెడితే అది పిల్లని బంతిలోంచి లేపి పక్కన కూర్చోబెట్టడం దాకా వెళ్తుంది. డబ్బా మారిస్తే సరిపోయేచోట పిల్లని కదపక్కర్లేదు.

టిఫిన్ల పని ఇప్పుడు. ఇడ్లీ బియ్యపు రవ్వది, పేచీ లేదు. ఉప్మా బొంబాయి రవ్వది, అంటే గోధుమే. అందుకని ఉప్మా గరిటె చట్నీ గిన్నెలోకి రాకుండా దూరం బల్ల మీద పెట్టించాం. పెసరట్టు నిక్షేపంగా తినొచ్చు, లోపల ఉప్మా పెట్టకపోతే. అసలు చిక్కు నూనె దగ్గర. పూరీలు వేగిన బాణలిలోనే గారెలు వేస్తే ఆ నూనెలో తేలే పిండి గారెకి అంటుతుంది. మేస్త్రి గారు వరస మార్చారు. కొత్త నూనె, ముందు గారెలు, తర్వాతే పూరీలు. చిల్లుల గరిటె బూడిదతో తోమించి ఇచ్చారు. ఇదిగో మొదటి వాయి పైకి తేలింది. ఎర్రగా, నురగ తగ్గుతూ. మా అమ్మాయి అరిటాకు ముక్కలో రెండు గారెలు వేయించుకుని, ఊదుకుంటూ, కొబ్బరి చట్నీతో అక్కడే నిలబడి తింటోంది. మీరూ ఒకటి తీసుకోండి, చల్లారితే ఈ రుచి ఉండదు.

దీన్ని ఇలా చూస్తే ఒకప్పటి పిల్లని గుర్తుపట్టలేరు. తొమ్మిదేళ్లప్పుడు క్లాసులో అందరికన్నా పొట్టి. పాలిపోయిన పెదాలు, సాయంత్రానికి ఉబ్బిపోయే పొట్ట. ఐరన్ టానిక్కులు తాగించాం, హిమోగ్లోబిన్ కదల్లేదు. నులిపురుగులన్నారు, పాలు పడట్లేదన్నారు. బలం రావాలని నేను రోజూ రెండు చపాతీలు పెట్టేదాన్ని, బార్లీ మాల్ట్ కలిసిన పాలపొడి తాగించేదాన్ని. ఒక డాక్టరుగారు రక్తంలో యాంటీబాడీ పరీక్ష రాసి, తర్వాత ఎండోస్కోపీతో చిన్నపేగు మొదట్లోంచి చిన్న చిన్న ముక్కలు తీయించేదాకా ఎవరికీ తట్టలేదు.

తట్టకపోవడానికి కారణం లేకపోలేదు. దక్షిణాదిన ఈ జబ్బు అరుదు. 2016లో అచ్చయిన ఒక పెద్ద అధ్యయనంలో దీని తాలూకు యాంటీబాడీలు ఉత్తరాదిన 1.23 శాతం మందిలో కనబడితే, దక్షిణాదిన 0.10 శాతం మందిలోనే కనబడ్డాయి. అక్కడివాళ్లు రోజూ తినే గోధుమలో మనవాళ్లు తినేది చాలా చిన్న వంతు. అయితే అరుదు అన్నమాట లెక్కలకి సరిపోతుంది కానీ, ఆ లెక్కలో పడ్డ పిల్లకి అది నూటికి నూరూ.

లోపల జరిగేది ఇది. చిన్నపేగు లోపలి గోడ టర్కీ తువ్వాలులా సన్నటి పోగులతో నిండి ఉంటుంది. తిన్నదాంట్లోని ఐరన్, కాల్షియం, విటమిన్లు ఆ పోగుల గుండానే రక్తంలోకి వెళ్లాలి. డీక్యూ2, డీక్యూ8 అనే జన్యువులున్న కొందరిలో గ్లూటెన్ కనబడగానే ఒంటి రక్షణ వ్యవస్థ తన పేగు మీదే విరుచుకుపడుతుంది. పోగులు అరిగి చదునైపోతాయి. ఎంత టానిక్కు పోసినా పట్టుకునేందుకు అక్కడ ఏమీ ఉండదు. దీనికి ఇప్పటికున్న వైద్యం ఒక్కటే, గ్లూటెన్‌ని పూర్తిగా, జీవితాంతం మానెయ్యడం. మానేస్తే పోగులు మళ్లీ మొలుస్తాయి. మా అమ్మాయికి మొలిచాయి. అదే ఐరన్ మందు అప్పుడు పనిచేసింది. లంగావోణీకి ఇప్పుడు నా ఎత్తు గుడ్డ కావాలి.

ఎండెక్కింది. సన్నాయి మొదలైంది. వీధి అరుగు మీదకి రండి, చుట్టాలు దిగుతున్నారు. మిఠాయి బుట్టలు చూడండి, గోదావరి జిల్లాల భూగోళం అంతా ఈ అరుగు మీదే ఉంది. ఇవి తాపేశ్వరం మడతకాజాలు, మైదా. అవి ఆత్రేయపురం పూతరేకులు. బోర్లించిన కుండ మీద పల్చటి బియ్యపు పిండినీళ్లు పూసి తీసిన రేకు, నెయ్యి, బెల్లం, అంతే. రెండూ ఒకే పళ్లెంలో సర్దుతుంటే మా అమ్మాయి పరుగెత్తుకెళ్లి పూతరేకుల పెట్టె విడిగా తీసుకుంది. అరిసెల డబ్బా మా అమ్మ గదిలో ఉంది. ఊళ్లో పిండిమరలో పొద్దున గోధుమలు, మధ్యాహ్నం బియ్యం ఆడతారు కాబట్టి, అమ్మ తడిబియ్యం రోట్లో దంపించింది. ఆవిడ వయసులో ఈ కొత్త సంగతి నేర్చుకుని గుర్తుపెట్టుకోవడం చూస్తే నాకు గుండె నిండుతుంది.

విశాఖపట్నం వైపు బంధువులు అన్నవరం మీదుగా వచ్చారు. చేతిలో సత్యనారాయణస్వామి ప్రసాదం పొట్లాలు. విస్తరాకు విప్పగానే నెయ్యి, బెల్లం, యాలకుల వాసన మీకూ తగిలిందా? అది గోధుమ నూకతో చేసేది. ఇక్కడే చాలామంది తడబడతారు, ప్రసాదం వద్దనడమెలా అని. మా అమ్మాయి రెండు చేతులతో అందుకుని, కళ్లకద్దుకుని, పక్కనున్న చిన్న పిల్లాడి చేతిలో పెట్టి, ట్యాపు దగ్గరికెళ్లి చేతులు కడుక్కుంది. ఎవరికీ మనసు నొచ్చలేదు. అమ్మ దాని చేతిలో ఒక అరటిపండు పెట్టింది. రావులపాలెం మార్కెట్ నుంచి నిన్న దిగిన గెల.

అరటిపండుకీ ఈ జబ్బుకీ పాత చుట్టరికం ఉంది. 1924లో సిడ్నీ హాస్ అనే అమెరికన్ డాక్టరు ఈ పిల్లలకి అరటిపళ్లు పెట్టి, బ్రెడ్డు మాన్పించి బతికించాడు. బతికించింది అరటిపండే అనుకున్నాడు. అసలు కారణం బ్రెడ్డు లేకపోవడం. ఆ ముడి విప్పింది నెదర్లాండ్స్‌లో పిల్లల డాక్టరు విల్లెం డికె. రెండో ప్రపంచయుద్ధం చివర, 1944-45 చలికాలంలో అక్కడ జనం ఆకలితో అలమటించారు, రొట్టె దొరకలేదు. ఆ కరవులో ఈ పిల్లలు కోలుకోవడం, బ్రెడ్డు తిరిగి రాగానే మళ్లీ జబ్బుపడటం ఆయన గమనించాడు. గోధుమ మీద ఆయనకి అంతకు ముందునుంచే అనుమానం. 1950లో పరిశోధన గ్రంథంగా తేల్చి చెప్పాడు. అంతకు ముందు ఎంతమంది తల్లులు, బిడ్డ ఎందుకు చిక్కిపోతోందో తెలియక, బలం కోసం రొట్టె పెట్టి ఉంటారో.

జీలకర్రా బెల్లం అయింది, తలంబ్రాలు అయ్యాయి. మొదటి బంతి వేస్తున్నారు, త్వరగా రండి. మా అమ్మాయి చోటు వంటశాల వైపు చివర, దాని ఈడు పిల్లల వరసలోనే. మొదటి బంతే ఎందుకంటే ఇంకా గరిటెలు కలవలేదు. చివరి చోటే ఎందుకంటే వడ్డన దాని ఆకుతోనే మొదలవుతుంది. ఆకు కడుక్కుంది. ముద్దపప్పు, నెయ్యి, ఆవ పెట్టిన పనసపొట్టు కూర, పులిహోర, గుమ్మడికాయ దప్పళం, కొత్తావకాయ. ఇవన్నీ దానివే. మీ ఆకులోనూ అవే.

ఇప్పుడు తీపి. ఒక పళ్లెంలో బొబ్బట్లు, ఇంకో పళ్లెంలో పూర్ణం బూరెలు. లోపలి పూర్ణం రెండిట్లోనూ శనగపప్పూ బెల్లమే. బొబ్బట్టు పైపొర మైదా. బూరె పైపిండి బియ్యం, మినప్పప్పు రుబ్బింది. కొందరు బూరె విచ్చిపోకుండా అందులో గుప్పెడు మైదా కలుపుతారు. పొద్దున్నే అడిగాం, మేస్త్రి గారు కలపనన్నారు, కలపలేదు. వేడి బూరె మధ్యలో వేలితో గుంటచేసి నెయ్యి పోయించుకుంటోంది, చూడండి.

ఎదురుగా కూర్చున్న పెద్దత్తయ్యగారు ఊరుకోలేకపోయారు. "ఒక్క ముక్క బొబ్బట్టు తింటే ఏమవుతుందే? మేమంతా తినలేదూ?" ప్రేమతో అన్నమాటే. తర్వాత నా వైపు తిరిగి మెల్లిగా, "రేపు దీని పెళ్లికి ఇదంతా చెప్పుకోవాలి కదా" అన్నారు.

"అవుతుంది పెద్దత్తయ్యా" అన్నాను. ఇటలీలో ఈ జబ్బున్నవాళ్లకి రోజుకి 50 మిల్లీగ్రాముల గ్లూటెన్ మూడునెలలు ఇచ్చి చూశారు. పేగు దెబ్బతింది. ఆ అధ్యయనం 2007లో వచ్చింది. 50 మిల్లీగ్రాములంటే చపాతీలో సుమారు యాభయ్యో వంతు. ప్యాకెట్ మీద గ్లూటెన్ లేదని రాయాలంటే మన దేశంలో కిలోకి 20 మిల్లీగ్రాములు దాటకూడదన్న నియమం అందుకే. పెళ్లి సంగతి మాత్రం నేను మాట్లాడలేదు. అన్నం, పప్పు, జొన్నరొట్టె, రాగిసంకటి, కొర్రన్నం, పెసరట్టు, చేప, గుడ్డు, పెరుగు హాయిగా తినే పిల్లని పథ్యం మనిషిగా చూడటం నాకు నచ్చదు. గ్లూటెన్ లేదంటూ అమ్మే ఖరీదైన బిస్కెట్లు మా ఇంటికి ఎప్పుడో తప్ప రావు. వాటిలో పంచదార ఎక్కువ, పీచు తక్కువ. నువ్వులుండ, సున్నుండ వాటికన్నా వెయ్యి రెట్లు నయం.

బంతి లేచింది. చేతులు కడుక్కునే చోట ఒకావిడ నా కోసం ఆగి ఉంది. మా వదిన తరఫు చుట్టం. పక్కన ఏడేళ్ల బాబు, సన్నటి చేతులు, వాడి చేతిలో సగం కొరికిన బొబ్బట్టు. "మీ వదినగారు చెప్పారండి. వీడికీ రక్తం పట్టట్లేదు, ఎన్ని మందులు వాడినా. రేపట్నించే గోధుమ మానిపించేస్తానండి."

"వద్దండి, మానిపించకండి" అన్నాను. ఆవిడ తెల్లబోయింది. ఇదే జబ్బని నేననను, రక్తం తగ్గడానికి కారణాలు చాలా ఉంటాయి. కానీ పరీక్షకి ముందే గోధుమ ఆపేస్తే యాంటీబాడీలు తగ్గిపోతాయి, పేగు మానడం మొదలవుతుంది, జబ్బున్నా రిపోర్టు బాగానే వస్తుంది. ఆ తర్వాత తేల్చుకోవడం మహాకష్టం. తినేటప్పుడే చేయించాలి. బయటపడితే తోబుట్టువులకీ తల్లిదండ్రులకీ కూడా చేయించాలి. మా ఇంట్లో అందరం చేయించుకున్నాం.

మా అమ్మాయి అప్పటికే ఎవరి దగ్గరో పెన్ను తెచ్చింది. శుభలేఖ కవరు వెనక గుండ్రటి అక్షరాలతో రాసింది: టీటీజీ ఐజీఏ, దాంతోపాటు టోటల్ ఐజీఏ. కింద నా ఫోన్ నంబరు. కవరు ఆవిడ చేతిలో పెట్టి అంది:

"రిపోర్టు రాగానే మా అమ్మకి ఫోన్ చెయ్యండి అత్తయ్యా. అప్పటిదాకా వాణ్ని బొబ్బట్టు తిననివ్వండి."