కణంలో కాల్షియం జాడ: ప్రతిదీప్తి సూచికల చారిత్రక పరిణామం

1883లో లండన్‌లో సిడ్నీ రింగర్ ఒక విశేషాన్ని ప్రకటించాడు. స్వేదనజలంతో చేసిన లవణద్రావణంలో కప్ప గుండె స్పందన కోల్పోయింది. కొళాయి నీటితో చేసిన ద్రావణంలో మాత్రం కొట్టుకుంటూనే ఉంది. ఆ నీటిలోని కాల్షియమే ఇందుకు కారణం. అయితే ఈ అయాన్ కణం లోపల ఎప్పుడు, ఎంత పెరుగుతుందో చూపే సాధనం అప్పటికి లేదు.

విశ్రాంత స్థితిలో కణద్రవ్యంలోని స్వేచ్ఛా కాల్షియం గాఢత సుమారు 100 నానోమోలార్ మాత్రమే. కణం వెలుపల అది దాదాపు 10,000 రెట్లు ఎక్కువ. ఇంత స్వల్ప పరిమాణాన్ని, కణాన్ని గాయపరచకుండా కొలవడమే అసలు సమస్య. 1962లో ఒసాము షిమొమురా బృందం జెల్లీచేప నుంచి ఈక్వోరిన్‌ను వేరుచేసింది. కాల్షియం సోకితే వెలుగునిచ్చే ఈ ప్రోటీన్‌ను 1967లో రిడ్జ్‌వే, యాష్లీ బార్నకిల్ కండర తంతువులోకి ఎక్కించి, కాల్షియం మార్పును నమోదు చేశారు. ఆ తంతువు చాలా పెద్దది కనుక అది సాధ్యమైంది. చిన్న కణాలకు ఆ మార్గం సులభం కాదు.

ఈ చిక్కును విప్పినవాడు రోజర్ త్సియెన్. మాగ్నీషియం కంటే కాల్షియంను ఎంచి పట్టుకొనే ఈజీటీఏ ఆమ్లత మార్పులకు లోనయ్యేది. దాని నిర్మాణంలో బెంజీన్ వలయాలను చేర్చి, ఆ దోషాన్ని చాలావరకు తగ్గించిన బాప్టాను ఆయన 1980లో ప్రకటించాడు. మరుసటి ఏడాది ఎస్టర్ పద్ధతి వచ్చింది. అణువులోని ఋణావేశాలను ఎస్టర్లతో కప్పితే అది పొరను దాటి లోపలికి పోతుంది. కణంలోని ఎంజైములు ఆ ముసుగును తొలగించగానే అక్కడే చిక్కుకుంటుంది. సూది అవసరం తప్పింది.

తొలి ప్రతిదీప్తి సూచిక క్విన్-2 కాంతి బలహీనం. అందువల్ల దానిని అధికంగా నింపవలసి వచ్చేది. అప్పుడు అదే కాల్షియంను పట్టుకొని, కొలవవలసిన మార్పును మందగింపజేసేది. 1985లో వచ్చిన ఫ్యూరా-2 మరింత ప్రకాశవంతమైనది. 340, 380 నానోమీటర్ల కాంతితో ఉత్తేజపరచి, రెండు ఫలితాల నిష్పత్తిని తీసుకోవడంతో రంగు పరిమాణం, కణం మందం వంటి భేదాల ప్రభావం తొలగింది. 1997 నాటి కామిలియన్లతో సూచికను జన్యువు ద్వారా కణమే తయారుచేసుకొనే దశ ఆరంభమైంది.

ఈ చరిత్రను కాంతి పెరిగిన కథగా మాత్రమే చదవడం అసమగ్రం. అయాన్‌ను పట్టుకోనిదే సూచిక దానిని చూపలేదు. పట్టుకుంటే ఎంతో కొంత మార్చక తప్పదు. ఆ జోక్యాన్ని తగ్గించుకుంటూ రావడమే ఈ పరిణామంలోని అంతస్సూత్రం. కనుక ప్రతి కాల్షియం రేఖాచిత్రాన్నీ కణమూ సూచికా కలిసి రాసిన సాక్ష్యంగానే పరిగణించాలి.