అనంతపురం జిల్లా: సరిహద్దులు, ముద్రలు

అనంతపురం జిల్లా 1882లో బళ్లారి నుంచి విడిపడింది, 2022లో తానే రెండైంది. ఇంగ్లండు కౌంటీలకు ఉన్నట్టు దీనికి సొంత జెండా గానీ బిరుద చిహ్నం గానీ ఎన్నడూ లేవు. కలెక్టరు కాగితాల మీద ఉండేది రాష్ట్ర ప్రభుత్వ ముద్రే. ఈ నేలకు చెందిన ముద్రలు వెతకాలంటే రాళ్ల దగ్గరికి వెళ్లాలి.

జిల్లా అన్న మాట రాకముందు ఇక్కడ నాడులూ సీమలూ ఉండేవి. నొళంబ రాజుల ఏలుబడిలోని నొళంబవాడి-32000కు రాజధాని హెంజేరు, అంటే అమరాపురం మండలంలోని నేటి హేమావతి. ఆ అంకె ఊళ్ల లెక్కా, రాబడి లెక్కా అన్నది పండితులు ఇంకా తేల్చుకోలేదు. విజయనగర కాలంలో పెనుకొండ, గుత్తి, రాయదుర్గం కోటల పేర్లే వాటి కింది సీమలకూ వచ్చాయి. 1565లో రాక్షసి తంగడి యుద్ధం పోయాక పెనుకొండే సామ్రాజ్యానికి రాజధాని అయింది.

విజయనగర రాజముద్ర వరాహం. ఎదురుగా కత్తి, పైన సూర్యచంద్రులు. బంగారు నాణేన్ని వరహా అనడం ఆ ముద్ర చలవే. అచ్యుతరాయల నాణేలపై గండభేరుండం, అంటే రెండు తలల పక్షి ఉంటుంది. తరువాత అదే మైసూరు రాజచిహ్నమైంది. రాజముద్ర కన్నా ఊరివాళ్లకు ఎక్కువగా కనబడేది మాన్యపు రాయి. నిలువెత్తు రాతిపలక, పైకొసన సూర్యుడూ నెలవంకా, కింద దానం పుచ్చుకున్నవారి గుర్తు. శివాలయపు భూమైతే లింగం, నంది. బ్రాహ్మణులకిచ్చిన భూమైతే గొడుగూ కమండలమూ పట్టిన వామనుడు. సూర్యచంద్రులున్నంత కాలం హద్దు చెల్లుతుందని చదువురానివాడికి కూడా అర్థం కావాలి, అదీ ఏర్పాటు. విజయనగరం తరువాత గుత్తిని ఏలిన మరాఠా మురారిరావుది ఘోర్పడే వంశం. ఆ పేరుకు అర్థం ఉడుము. 1776లో హైదరాలీ గుత్తిని పట్టుకోవడంతో ఆ ఏలుబడి ముగిసింది.

హైదరాలీ కొడుకు టిప్పు ఓటమితో తన వాటాకు వచ్చిన ఈ ప్రాంతాన్ని నిజాం, సైన్యం ఖర్చు కింద 1800 అక్టోబరు 12 ఒప్పందంతో ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చాడు. అవే దత్తమండలాలు. వాటికి ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో పాలెగాళ్లను అణచి, పొలం పొలం కొలిపించి రైతువారీ శిస్తు కట్టించాడు. 1808లో వీటిని బళ్లారి, కడప జిల్లాలుగా చేశారు. బళ్లారి మరీ పెద్దదై మోయలేని బరువైంది. 1876–78 నాటి ధాత కరువు ఈ మెరక నేలను తుడిచిపెట్టిన కొన్నేళ్లకు గుత్తి, తాడిపత్రి, అనంతపురం, ధర్మవరం, పెనుకొండ, మడకశిర, హిందూపురం తాలూకాలను వేరుచేసి కొత్త జిల్లా కట్టారు. 1910లో కడప నుంచి కదిరి వచ్చి కలిసింది.

1928 నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు సూచించిన రాయలసీమ అన్న పేరు, ఎవరో ఇచ్చేసిన భూమి అనే అర్థమున్న దత్తమండలాలు అనే పాత పేరును తోసిపుచ్చింది. ఇన్ని మార్పుల్లో జనం ఇష్టపడి తెచ్చుకున్నది బహుశా ఇదొక్కటే.

1953లో ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్లారి మైసూరుకు పోయింది. దాని తాలూకాల్లో ఆదోని, ఆలూరు కర్నూలుకూ, రాయదుర్గం అనంతపురానికీ దక్కాయి. మడకశిర కర్ణాటకలోకి, పావగడ ఆంధ్రలోకి చొచ్చుకుని అలాగే మిగిలాయి. కళ్యాణదుర్గం నుంచి మడకశిరకు తిన్నగా పోవాలంటే ఇప్పటికీ కర్ణాటకలో దిగి మళ్లీ ఆంధ్రలోకి రావాలి. దారిపొడవునా అంగళ్ల బోర్డులు లిపి మారుస్తాయి, మాట్లాడేవాళ్లు మాత్రం రెండు భాషలూ కలిపే మాట్లాడతారు.

1985లో తాలూకాలు పోయి మండలాలొచ్చాయి. 2022 ఏప్రిల్ 4న 63 మండలాల్లో 32 శ్రీ సత్యసాయి జిల్లాకు వెళ్లాయి. హిందూపురం తనను కేంద్రం చేయమని పట్టుబట్టినా అది పుట్టపర్తికి దక్కింది.

జిల్లాకంటూ ఉన్న ఒకే ఒక గుర్తు బండి నంబరు మీది ‘ఏపీ 02’. 2019లో రాష్ట్రమంతటికీ ‘ఏపీ 39’ రావడంతో కొత్త బళ్లకు అదీ పోయింది. పాత నంబరు లారీలు ఇంకా తిరుగుతున్నాయి. వాటిలో హిందూపురం, కదిరి వాళ్లవి ఇప్పుడు వేరే జిల్లా లారీలు.