జార్జ్ యంగ్

జార్జ్ యంగ్ (1922 అక్టోబరు 27 – 1997 జనవరి 10) స్కాట్లాండ్ ఫుట్‌బాల్ క్రీడాకారుడు. గ్లాస్గో నగరపు రేంజర్స్ క్లబ్బుకు 16 ఏళ్లపాటు రక్షణ వరుసలో ఆడాడు. స్కాట్లాండ్ తరఫున 50 అంతర్జాతీయ మ్యాచ్‌ల మైలురాయిని దాటిన మొదటి ఆటగాడు ఆయనే. ఆడిన 53 మ్యాచ్‌లలో 48 మ్యాచ్‌లకు కెప్టెన్.

తొలి దశ

ఫోర్త్ నదీముఖం ఒడ్డునున్న ఓడరేవు పట్టణం గ్రేంజ్‌మౌత్‌లో పుట్టాడు. కిర్కింటిలాక్ రాబ్ రాయ్ అనే చిన్న క్లబ్బులో ఆడి, 1941లో రేంజర్స్‌లో చేరాడు. అప్పటికి రెండో ప్రపంచ యుద్ధం వల్ల జాతీయ లీగ్ ఆగిపోయింది, ప్రాంతీయ పోటీలే జరిగేవి. 1945 నవంబరులో మాస్కో డైనమో జట్టు గ్లాస్గో వచ్చినప్పుడు రేంజర్స్ రెండు గోల్స్ వెనకబడింది. చివరికి యంగ్ కొట్టిన పెనాల్టీతోనే మ్యాచ్ 2–2గా ముగిసింది.

ఇనుప తెర

మేనేజర్ బిల్ స్ట్రూత్ తీర్చిదిద్దిన ఆ రక్షణ వరుసకు జనం ‘ఇనుప తెర’ అని పేరు పెట్టారు. గోల్‌లో బాబీ బ్రౌన్, బ్యాక్‌లుగా యంగ్, జాక్ షా, వారి ముందు ఇయాన్ మెకాల్, విల్లీ వుడ్‌బర్న్, శామీ కాక్స్. ఆరడుగుల రెండంగుళాల ఎత్తు, దానికి తగ్గ బరువు ఉన్న యంగ్ ఆ వరుసకు వెన్నెముక. బంతిని తలతో తిప్పికొట్టడంలోనూ, కుడి పక్కనుంచి దూరంగా అందించడంలోనూ నేర్పరి. షాంపేన్ సీసా బిరడా ఒకటి అదృష్టం కోసం దగ్గర ఉంచుకునేవాడు. ‘కార్కీ’ అన్న ముద్దుపేరు దానివల్లే వచ్చింది.

ఆయన కాలంలో రేంజర్స్ ఆరుసార్లు లీగ్, నాలుగుసార్లు స్కాటిష్ కప్, రెండుసార్లు లీగ్ కప్ గెలిచింది. వీటిలో 1948–49 సీజన్ ప్రత్యేకమైనది. మూడు ట్రోఫీలనూ ఒకే ఏడాది గెలిచిన మొదటి స్కాటిష్ క్లబ్బుగా రేంజర్స్ నిలిచింది. మార్చిలో రైత్ రోవర్స్‌పై 2–0తో లీగ్ కప్, ఏప్రిల్ 23న క్లైడ్‌పై 4–1తో స్కాటిష్ కప్ దక్కాయి. క్లైడ్‌తో ఫైనల్‌లో యంగ్ రెండు పెనాల్టీలను గోల్‌గా మలిచాడు. డండీ జట్టును ఒకే ఒక్క పాయింటుతో దాటి లీగ్ కూడా గెలిచారు.

1953 కప్ ఫైనల్ ఆయన నిబ్బరానికి నిదర్శనం. అబర్డీన్‌తో ఆటలో గోల్‌కీపర్ జార్జ్ నివెన్ తలకు దెబ్బ తగిలి బయటికి వెళ్లాడు. బదులు ఆటగాణ్ని దింపే వీలు ఆ రోజుల్లో లేదు. నివెన్ తిరిగి వచ్చేదాకా యంగే గోల్‌ను కాపాడాడు. మ్యాచ్ 1–1గా ముగిసింది. తిరిగి ఆడినప్పుడు రేంజర్స్ 1–0తో గెలిచింది. 1954 సెప్టెంబరులో వుడ్‌బర్న్‌పై నిరవధిక నిషేధం పడ్డాక, యంగ్ సెంటర్ హాఫ్ స్థానానికి మారి మరో రెండు లీగ్ విజయాలలో పాలుపంచుకున్నాడు.

స్కాట్లాండ్ జట్టులో

ఆయన 1946లో జాతీయ జట్టులోకి వచ్చాడు. ఒక దశలో వరుసగా 34 మ్యాచ్‌లు ఆడాడు. 1949లో 3–1తో, 1951లో 3–2తో ఇంగ్లండ్‌ను వెంబ్లీలోనే ఓడించిన జట్లకు ఆయనే నాయకుడు. 1950లో మాత్రం హాంప్‌డెన్ పార్కులో ఇంగ్లండ్ చేతిలో 0–1తో ఓడిపోయారు. ఆ ఏటి బ్రిటిష్ జట్ల పోటీలో రెండో స్థానానికీ ప్రపంచ కప్ అవకాశం ఉన్నా, ఆ పోటీ విజేతగానైతేనే బ్రెజిల్ వెళ్తామని ముందే ప్రకటించిన స్కాటిష్ ఫుట్‌బాల్ సంఘం ఆ అవకాశాన్ని వదులుకుంది. 1954లో ప్రపంచ కప్ కోసం స్విట్జర్లాండ్ వెళ్లిన జట్టులో యంగ్ లేడు.

1957 మే 8న స్పెయిన్‌పై 4–2 గెలుపు మరుసటి ప్రపంచ కప్‌కు దారి వేసింది. మాడ్రిడ్‌లో మే 26న జరగవలసిన మ్యాచ్‌తో వీడ్కోలు చెప్పాలనుకున్న యంగ్‌కు ఆ జట్టులో చోటు దక్కలేదు. ఆయన లేకుండా ఆడిన స్కాట్లాండ్ 1–4తో ఓడింది. ఆ ఏడే ఆట మానేశాడు. మరుసటి ఏడాది స్కాట్లాండ్ ప్రపంచ కప్ కోసం స్వీడన్‌కు వెళ్లింది. ఆ కాలపు మేటి కెప్టెన్ ప్రపంచ కప్ ప్రధాన పోటీల్లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేకపోయాడు.

తరువాతి జీవితం

1959 నుంచి 1962 దాకా గ్లాస్గోలోని థర్డ్ లానార్క్ క్లబ్బుకు మేనేజర్. జీవితమంతా గోల్స్ ఆపిన ఆయన శిక్షణలో ఆ జట్టు 1960–61 లీగ్‌లో సరిగ్గా 100 గోల్స్ కొట్టి మూడో స్థానం సాధించింది.