నరాల బదిలీ శస్త్రచికిత్స: చచ్చుబడిన చేయి మళ్లీ ఎలా కదులుతుంది? ఎప్పటిలోగా చేయించాలి?

బైక్ ప్రమాదంలో ప్రాణం దక్కినా, ఒక చేయి మాత్రం భుజం నుంచి నిర్జీవంగా వేలాడుతూ ఉండిపోతుంది. ఒక్కోసారి ఎముక విరగదు, పైకి పెద్ద గాయమూ కనిపించదు. లోపం మెడ పక్కన తెగిన నరాల్లో ఉంటుంది. ఇలాంటి చేతికి కదలిక తెప్పించే ప్రధాన మార్గాల్లో ఒకటి నరాల బదిలీ. వైద్యులు దీన్ని నెర్వ్ ట్రాన్స్‌ఫర్ అంటారు. అయితే ఇది ఎప్పుడైనా చేయించుకోగలిగే ఆపరేషన్ కాదు. ప్రమాదం జరిగిన రోజు నుంచే దీని గడువు మొదలవుతుంది.

చేతిని నడిపే ఐదు వేర్లు

మెడ భాగంలో వెన్నుపాము నుంచి సి5, సి6, సి7, సి8, టి1 అనే ఐదు నరాల వేర్లు బయటికొస్తాయి. ఇవి ఒకదానితో ఒకటి కలుస్తూ, విడిపోతూ చంక మీదుగా చేతిలోకి దిగుతాయి. ఈ అల్లికే బ్రేకియల్ ప్లెక్సస్. పై రెండు వేర్లు ప్రధానంగా భుజాన్ని ఎత్తడానికి, మోచేతిని వంచడానికి పనికొస్తాయి. కింది రెండూ పిడికిలిని, వేళ్లను నడిపిస్తాయి. మోచేతిని చాపడంలో, మణికట్టును ఎత్తడంలో మధ్యనున్న సి7ది ముఖ్య పాత్ర.

బండి మీది నుంచి ఎగిరిపడి భుజం నేలను ఢీకొన్నప్పుడు తల ఒకవైపు, భుజం మరోవైపు విసురుగా లాగినట్టవుతాయి. ఆ ఊపుకు నరాలు సాగవచ్చు, తెగవచ్చు, లేదా వెన్నుపాము నుంచి వేరుతో సహా ఊడిపోవచ్చు. కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల వల్ల 1,68,491 మంది చనిపోగా, 4,43,366 మంది గాయపడ్డారు. మృతుల్లో 44.5 శాతం ద్విచక్ర వాహనాలపై వెళ్తున్నవారే. పెద్దవారిలో ఈ నరాల గాయానికి మన దేశంలో ప్రధాన కారణమూ బైక్ ప్రమాదాలే. కష్టమైన కాన్పుల్లో కొందరు శిశువులకూ ఇదే గాయం అవుతుంది.

పక్క కాలువ నుంచి నీళ్లు

మధ్యలో తెగిన నరాన్ని కలిపి కుట్టవచ్చు. మధ్యలో ఖాళీ ఉంటే కాలి నుంచి తీసిన నరం ముక్కతో అతుకు వేయవచ్చు. వేరే ఊడిపోతే కుట్టడానికి ఆధారం ఉండదు. అప్పుడు ఎండిన కాలువకు పక్క కాలువ నుంచి నీళ్లు మళ్లించినట్టు, బాగా పనిచేస్తున్న మరో నరంలోని ఒక పాయను తీసి చచ్చుబడిన కండరానికి వెళ్లే నరానికి కలుపుతారు.

ఇందులో బాగా పేరున్నది ఫ్రాన్స్‌కు చెందిన క్రిస్టోఫ్ ఒబర్లిన్ బృందం 1994లో ప్రకటించిన పద్ధతి. అరచేతిలోకి వెళ్లే అల్నార్ నరంలో ఎన్నో పాయలుంటాయి. స్వల్ప విద్యుత్ ప్రేరణతో పరీక్షించి, తీసినా నష్టం లేని ఒకటి రెండు పాయలను ఎంచుకుని, మోచేతిని వంచే బైసెప్స్ కండరపు నరానికి కుడతారు. పిడికిలి బలం సాధారణంగా తగ్గదు. భుజం కోసం మెడ కండరాలకు వెళ్లే స్పైనల్ యాక్సెసరీ నరాన్ని వాడతారు. మోచేతిని చాపే ట్రైసెప్స్ నరంలోని ఒక కొమ్మను భుజపు డెల్టాయిడ్ కండరానికి మళ్లించే పద్ధతిని థాయ్‌లాండ్ వైద్యులు 2003లో ప్రకటించారు. ఐదు వేర్లూ దెబ్బతిన్నప్పుడు పక్కటెముకల మధ్య నరాలను వాడుకుంటారు.

రోజుకు ఒక మిల్లీమీటరు

గడువు ఎందుకంటే, నరం రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు, అంటే నెలకు అంగుళం చొప్పునే పెరుగుతుంది. మరోవైపు, నరం నుంచి సంకేతం అందని కండరం క్షీణిస్తూ పోతుంది. 12 నుంచి 18 నెలలు దాటితే నరం వచ్చి చేరినా కండరం స్పందించే అవకాశం చాలా తక్కువ.

మెడ నుంచి బైసెప్స్‌కు 25 సెంటీమీటర్లు అనుకుంటే, మెడ దగ్గర కుట్టిన నరం అక్కడికి చేరడానికి ఎనిమిది నెలలకు పైగా పడుతుంది. ఒబర్లిన్ పద్ధతిలో కండరానికి అతి దగ్గరలోనే కుడతారు కనుక కొన్ని నెలల్లోనే తొలి కదలిక కనిపించవచ్చు. నరాల బదిలీకి ఉన్న అసలు బలం ఇదే. అయినా గాయమైన మూడు నుంచి ఆరు నెలల్లోపు ఆపరేషన్ జరిగితేనే ఫలితం మెరుగ్గా ఉంటుంది.

మెదడుకు కొత్త పాఠం

ఆపరేషన్ తర్వాత మొదట్లో మోచేయి వంచాలంటే రోగి పిడికిలి బిగించాలి, లేదా మణికట్టు వంచాలి. పక్కటెముకల నరం వాడితే గట్టిగా ఊపిరి పీల్చాలి. నెలల తరబడి సాధన చేస్తే మెదడు కొత్త దారికి అలవాటు పడుతుంది, అప్పుడు అనుకున్నంతనే మోచేయి వంగుతుంది. ఈలోగా కీళ్లు బిగుసుకోకుండా ఫిజియోథెరపీ రోజూ సాగాలి. స్పర్శ లేని చేయి వేడి గిన్నెలకు కాలినా తెలియదు కనుక జాగ్రత్త తప్పనిసరి.

పరిమితులు

పై వేర్లు మాత్రమే దెబ్బతిన్నవారిలో ఫలితాలు బాగుంటాయి. ఐదూ పోతే మోచేయి వంగడం, భుజం కొంత లేవడమే మొదటి లక్ష్యాలు. వేళ్ల సున్నితమైన కదలిక తిరిగి రావడం కష్టం. మంటలా వేధించే నరాల నొప్పి ఆపరేషన్‌తో పూర్తిగా పోకపోవచ్చు. గడువు దాటినవారికి స్నాయువుల బదిలీ, తొడ కండరాన్ని చేతికి అమర్చడం వంటి మార్గాలున్నాయి.

ఎప్పుడు ఎవరిని కలవాలి?

ప్రమాదం తర్వాత తలకు దెబ్బ, ఎముకల విరుపు మీదే అందరి దృష్టీ ఉంటుంది. కట్టు విప్పాక సర్దుకుంటుందనో, మర్దనతో బాగవుతుందనో ఎదురుచూడటంలోనే విలువైన నెలలు గడిచిపోతాయి. కొన్ని గాయాలు వాటంతటవే మానుతాయన్నది నిజమే. కానీ ఏది మానుతుందో, ఏది మానదో తేల్చాల్సింది పరీక్షలే. మూడు నాలుగు వారాలకు నరాల, కండరాల విద్యుత్ పరీక్షలు, అవసరమైతే ఎంఆర్ఐ చేయిస్తారు. చేయి పడిపోయిన వైపు కనురెప్ప వాలి, కనుపాప చిన్నదైతే కింది వేరు ఊడిందని అనుమానించాలి.

ప్లాస్టిక్ సర్జరీ, ఆర్థోపెడిక్స్, న్యూరో సర్జరీ విభాగాల్లో బ్రేకియల్ ప్లెక్సస్ అనుభవం ఉన్నవారు ఈ చికిత్స చేస్తారు. కోయంబత్తూరులోని గంగా హాస్పిటల్ ఇందుకు పేరున్న కేంద్రాల్లో ఒకటి. నెల గడిచినా భుజమో మోచేయో కదలకపోతే అలాంటి నిపుణులకు ఒకసారి చూపించాలి. వెంటనే ఆపరేషన్ అవసరం లేకపోవచ్చు, కానీ ఎంతకాలం ఆగవచ్చో అక్కడ తెలుస్తుంది.